న్యూయార్క్‌లో ఇన్-ఎన్-అవుట్ తెరిచారట, నిజమేనా?

ఈ నెల పాఠకుల ప్రశ్నల శీర్షిక మొత్తం ఒక ప్రాంక్ చుట్టూనే. ఏప్రిల్ ఒకటో తారీఖున అమెరికాలో ఉన్న మన పాఠకుల గ్రూపుల్లో ఒక ఫొటో తిరిగిందట. మన్‌హట్టన్‌లో మూసి ఉన్న ఒక షాపు, అద్దాలకి లోపలి నుంచి అంటించిన గోధుమరంగు కాగితం, పైన ఇన్-ఎన్-అవుట్ బర్గర్ వాళ్ల పసుపు బాణం, కింద "త్వరలో ప్రారంభం" అని బోర్డు. కాలిఫోర్నియా జనం ప్రాణం పెట్టే ఈ చెయిన్‌కి న్యూయార్క్ నగరంలో ఒక్క షాపు కూడా లేదు. నమ్మినవాళ్లు, కోపం వచ్చినవాళ్లు, అలాంటిదే తామూ చేసి ఇరుక్కున్నవాళ్లు, అందరూ మాకు రాశారు. ఎవరి పేర్లూ వేయడం లేదు.

ప్రశ్న: మాది న్యూజెర్సీలో ఎడిసన్. మా బావమరిది కాలిఫోర్నియాలో ఉంటాడు. ఏప్రిల్ ఒకటి పొద్దున్నే ఆ ఫొటో పంపి, "బావా, ఈరోజే ఓపెనింగ్, ముందు వచ్చినవాళ్లకి ఫ్రీ అట, పిల్లల్ని తీసుకెళ్లు" అన్నాడు. నేను ఆఫీసుకి సెలవు పెట్టి, "బయల్దేరాం" అని వాడికి మెసేజ్ కూడా పెట్టి, ఇద్దరు పిల్లలతో ట్రైనెక్కి పెన్ స్టేషన్‌లో దిగి అక్కడికి నడిచి వెళ్లాను. చూస్తే తాళం వేసిన షాపు, బోర్డూ లేదు, ఏమీ లేదు. చిన్నది ఏడుపు మొదలుపెట్టింది. వాడికి ఫోన్ చేస్తే పడీ పడీ నవ్వాడు. మా ఆవిడేమో "సరదాకి చేశాడు, అంత సీరియస్ అవుతారేంటి" అంటోంది. నాకు కోపం రావడం తప్పా?

జవాబు: తప్పేం కాదండీ. బావా బావమరుదులు ఒకరినొకరు ఆటపట్టించుకోవడం మన ఇళ్లలో ఎప్పటినుంచో ఉన్నదే, దాన్ని ఎవరూ తప్పుపట్టరు. ఆయన ఫొటో పంపి, మీరు నిజమా అని సంబరపడి, కాసేపటికి "ఏప్రిల్ ఫూల్ బావా" అని ఆయనే చెప్పి ఉంటే మీరూ నవ్వేసి ఊరుకునేవారు, ఈ ఉత్తరం కూడా రాసేవారు కాదు. కానీ మీరు "బయల్దేరాం" అని మెసేజ్ పెట్టారు. ఆ మెసేజ్ చూసిన క్షణంలో ఫోన్ చేసి ఆపాలి. ఆపలేదు. ఒక రోజు సెలవు పోతుందని, ఇద్దరు పిల్లలు అంత దూరం వచ్చి ఉత్త చేతులతో తిరిగి వెళ్తారని తెలిసీ ఊరుకున్నాడు. మీ కోపం అక్కడిదే, అది న్యాయమైన కోపమే.

ఇంకో సంగతి. ఈ ఆట మీకూ ఆయనకీ మధ్య. పిల్లలు అందులో లేరు, వాళ్లకి ఏప్రిల్ ఒకటీ తెలియదు, బావమరిది సరసమూ తెలియదు. నాన్న తీసుకెళ్తానన్నాడు, అక్కడ ఏమీ లేదు, వాళ్లకి అర్థమైంది అంతే. కాబట్టి ఆయన మీకు సారీ చెప్పడం కంటే పిల్లలతో ఫోన్‌లో స్వయంగా మాట్లాడటం ముఖ్యం. "మామయ్యే తప్పు చెప్పాడు, నాన్న కాదు" అన్న మాట ఆయన నోటి నుంచే రావాలి. తర్వాతెప్పుడైనా మీరు అటువైపు వెళ్తే అసలు షాపుకి ఆయనే తీసుకెళ్లాలి, బిల్లు కూడా ఆయనే కట్టాలి. ఇది ఆయనతో విడిగా, సూటిగా చెప్పండి, ఫ్యామిలీ గ్రూపులో మాత్రం పెట్టకండి. అక్కడ పెడితే విషయం పక్కకి పోయి ఎవరు ఎవరి పక్షం అన్న తగాదా మొదలవుతుంది. మీ ఆవిడని కూడా తమ్ముడికీ మొగుడికీ మధ్య తీర్పు చెప్పమని అడగకండి, ఆమె సర్దిచెప్పాలని చూడటం సహజం.

అంత సులువుగా ఎలా నమ్మానా అని మిమ్మల్ని మీరు తిట్టుకుంటున్నట్టు ఉత్తరం చివర్లో రాశారు. అక్కర్లేదు. ఆ చెయిన్ తూర్పు వైపు వస్తోందని కొన్నేళ్లుగా వార్తలు వస్తున్నాయి, అవి అబద్ధాలు కావు. ఆ సగం నిజం విన్నవాళ్లే ఈ ఫొటోని నమ్మారు.

ప్రశ్న: అంత డిమాండ్ ఉన్నప్పుడు న్యూయార్క్‌లో ఎందుకు పెట్టరు? వాళ్లకేమన్నా డబ్బు చేదా?

జవాబు: చేదు కాదు కానీ వాళ్ల పద్ధతి వేరు. 1948లో హ్యారీ స్నైడర్, ఎస్తర్ స్నైడర్ దంపతులు లాస్ ఏంజెలెస్ దగ్గర బాల్డ్విన్ పార్క్‌లో మొదటి షాపు పెట్టారు, కారులో కూర్చునే స్పీకర్‌లో ఆర్డర్ చెప్పే ఏర్పాటుతో. అప్పటి నుంచి ఇప్పటిదాకా కంపెనీ ఆ కుటుంబం చేతిలోనే ఉంది, ఇప్పుడు మనవరాలు లిన్సీ స్నైడర్ నడుపుతున్నారు. షేర్ మార్కెట్‌లో లేదు, ఫ్రాంచైజీ ఎవరికీ ఇవ్వరు. కాబట్టి "త్వరగా షాపులు పెంచండి" అని పైనుంచి ఒత్తిడి పెట్టేవాళ్లు లేరు.

అసలు కారణం మాత్రం వంటింట్లో ఉంది. వాళ్ల షాపుల్లో ఫ్రీజర్ ఉండదు, మైక్రోవేవ్ ఉండదు. మాంసం ప్యాటీలు సొంత ప్లాంట్లలో చేసి, గడ్డకట్టించకుండా లారీల్లో పంపుతారు. బంగాళాదుంపలు షాపులోనే కళ్లముందు కోసి వేయిస్తారు. ఇలా చేయాలంటే ప్లాంట్ నుంచి లారీ ఒక్క రోజులో చేరగలిగినంత దూరంలోనే షాపు ఉండాలి, ఆ గీత దాటి వాళ్లు వెళ్లరు. అందుకే ఎదుగుదల అంత నెమ్మది. 1992లో లాస్ వేగస్, 2000లో అరిజోనా, 2011లో టెక్సాస్, 2015లో ఒరెగన్, 2020లో కొలరాడో, 2023 డిసెంబరులో ఐడహో. టెక్సాస్‌లో డాలస్ దగ్గర, కొలరాడోలో కొలరాడో స్ప్రింగ్స్‌లో సొంత ప్లాంట్ పెట్టుకుని మరీ ఆ రాష్ట్రాల్లో షాపులు తెరిచారు. 2023 జనవరిలో టెనెసీకి వస్తామని, నాష్‌విల్ దగ్గర ఫ్రాంక్లిన్‌లో ఆఫీసు కడతామని ప్రకటించారు. తూర్పుకి వస్తున్నారన్న మాట అక్కడి నుంచి పుట్టిందే. కానీ నాష్‌విల్ నుంచి న్యూయార్క్‌కి రోడ్డు మీద దాదాపు 900 మైళ్లు.

ఈ సంగతి తెలిస్తే మన్‌హట్టన్ బోర్డు ఫొటో చూడగానే అడగాల్సిన ప్రశ్న ఒక్కటే, ప్యాటీలు ఎక్కణ్నుంచి వస్తాయి? తూర్పు తీరంలో ఎక్కడో ప్లాంట్ కడుతున్నారన్న వార్త ముందు రావాలి, బోర్డు తర్వాత రావాలి. ఆ వార్త రాకుండా బోర్డు వచ్చిందంటే నమ్మక్కర్లేదు.

డిమాండ్ సంగతి అన్నారు కదా, 2020 నవంబరులో కొలరాడోలోని అరోరాలో తెరిచిన రోజు కార్ల లైను ఎంత పెరిగిందంటే బర్గర్ చేతికి రావడానికి 12 గంటలకు పైగా పడుతోందని వార్తలు వచ్చాయి, ట్రాఫిక్ అదుపు చేయడానికి పోలీసులు దిగారు. ఈ ప్రాంక్ చేసేవాళ్లు వాడుకునేది ఆ ఆశనే. జనం పట్టించుకోని షాపు పేరు పెట్టి బోర్డు కడితే ఎవరూ తల తిప్పి చూడరు.

ప్రశ్న: మా అన్నయ్య లండన్‌లో ఇన్-ఎన్-అవుట్ తిన్నానని ఒట్టేసి చెప్తున్నాడు. నేను అబద్ధం అంటున్నాను. మా ఇద్దరికీ పందెం కూడా అయింది. ఎవరు గెలిచినట్టు?

జవాబు: మీ అన్నయ్య గెలిచి ఉండొచ్చు, పందెం డబ్బు సిద్ధం చేసుకోండి. ఈ కంపెనీ లండన్, సిడ్నీ, టోక్యో, షాంఘై, సింగపూర్ లాంటి నగరాల్లో అప్పుడప్పుడూ ఒక్క రోజు మాత్రం, అదీ కొన్ని గంటలు మాత్రమే, అద్దెకి తీసుకున్న చోట బర్గర్లు అమ్మి వెళ్లిపోతుంది. ముందు వచ్చినవాళ్లకి చేతికి బ్యాండ్లు కట్టి, అవి అయిపోగానే లైను మూసేస్తారు. పెద్దగా ప్రచారం ఉండదు, ఆ ఊళ్లో శాశ్వతంగా షాపు పెట్టే ఉద్దేశమూ ఉండదు.

మరి ఎందుకంటే, చాలా దేశాల్లో ట్రేడ్‌మార్క్ నమోదు చేయించుకుని వాడకుండా వదిలేస్తే దాన్ని రద్దు చేయమని ఇంకొకరు అడగొచ్చు. అప్పుడప్పుడు వెళ్లి అమ్మి వస్తే పేరు వాడుకలో ఉన్నట్టే. ఇది పనికొచ్చింది కూడా. సిడ్నీలో డౌన్-ఎన్-అవుట్ అన్న పేరుతో బర్గర్లు అమ్మినవాళ్ల మీద వీళ్లు కేసు వేస్తే, 2020లో ఆస్ట్రేలియా ఫెడరల్ కోర్టు వీళ్ల వైపే తీర్పు చెప్పింది, ఆ దేశంలో వీళ్లకి ఒక్క శాశ్వత షాపు లేకపోయినా. కాబట్టి "మా ఊరికి ఇన్-ఎన్-అవుట్ వచ్చింది" అని ఎవరైనా అంటే వెంటనే కొట్టిపారేయకండి. ఒక్కరోజు అమ్మకమా, షాపా అని అడగండి.

ప్రశ్న: కొన్నేళ్ల కింద న్యూయార్క్ రోడ్డు మీద ఎవరికో ఇన్-ఎన్-అవుట్ బర్గర్ దొరికిందని చదివాను. అది కూడా ప్రాంకేనా?

జవాబు: అందరూ అలాగే అనుకున్నారు, కాదు. 2019 జులైలో ఒక శనివారం తెల్లవారుజామున న్యూయార్క్ నగరంలో భాగమైన క్వీన్స్‌లోని జమైకా ప్రాంతంలో నడిచి వెళ్తున్న ఒకాయనకి రోడ్డు మీద కాగితంలో చుట్టిన డబుల్-డబుల్, అంటే రెండు ప్యాటీలు, రెండు చీజ్ ముక్కలు ఉండే ఇన్-ఎన్-అవుట్ బర్గర్, కనిపించింది. నలగలేదు, ఎవరూ కొరకలేదు, అప్పుడే కౌంటర్ మీద పెట్టినట్టు ఉంది. అప్పటికి దగ్గర్లో ఉన్న షాపు అంటే టెక్సాస్, దాదాపు 1,500 మైళ్లు. ఆయన ఫొటో తీసి పెడితే ఇంటర్నెట్ అంతా ఊగిపోయింది. కంపెనీ ప్రచారం అన్నారు, ఎవరో కావాలని పెట్టారన్నారు, ప్రైవేటు విమానంలో తెప్పించుకున్నారన్నారు.

తీరా చూస్తే జరిగింది ఇది. క్వీన్స్‌లో ఉండే ఒక 16 ఏళ్ల అమ్మాయి శాన్ డియాగో నుంచి ఇంటికి వస్తూ విమానం ఎక్కే ముందు నాలుగు బర్గర్లు కొనుక్కుంది. రాత్రంతా ప్రయాణం చేసి న్యూయార్క్‌లో దిగి, బస్సు వెళ్లిపోతోందని పరిగెత్తింది. ఆ పరుగులో ఒకటి జారి పడిపోయింది. అంతే కథ. దేశం ఆ చివర్నుంచి ఈ చివరికి బర్గర్లు మోసుకొచ్చిన ఆ పిల్ల ఇష్టం ముందు, మన ఊహలన్నీ చిన్నవే. నాకు ఈ మొత్తం వ్యవహారంలో ఎక్కువ నచ్చిన సంఘటన ఇదే.

ప్రశ్న: నేను న్యూయార్క్‌లో చదువుకుంటున్నాను. ఏప్రిల్ ఒకటికి సరదాగా ఆ చెయిన్ పేరుతో ఇన్‌స్టాగ్రామ్‌లో పేజీ పెట్టి, "క్వీన్స్‌లో తెరుస్తున్నాం, స్టాఫ్ కావాలి" అని ఒక ఫారం కూడా జత చేశాను. ఫ్రెండ్స్ నవ్వుకుంటారనుకున్నాను. సాయంత్రానికి చూస్తే తెలియనివాళ్లు పేర్లు, ఫోన్ నంబర్లు ఇచ్చారు, కొందరు రెజ్యూమేలు పెట్టారు. ఒకావిడ "నైట్ షిఫ్ట్ అయినా పర్వాలేదు, రేపటి నుంచే రాగలను" అని రాసింది. అప్పట్నుంచి టెన్షన్‌గా ఉంది. పేజీ డిలీట్ చేసేస్తే సరిపోతుందా?

జవాబు: సరిపోదు బాబూ. పేజీ తీసేస్తే నీ టెన్షన్ తగ్గుతుందేమో కానీ, నైట్ షిఫ్ట్‌కైనా వస్తానన్న ఆవిడ ఫోన్ పక్కన పెట్టుకుని ఎదురుచూస్తూనే ఉంటుంది. ఈ చెయిన్ చట్టం చెప్పిన కనీస వేతనం కంటే ఎక్కువ ఇస్తుందని అమెరికాలో పేరుంది, కాబట్టి ఆ ఫారం నింపినవాళ్లు ఊరికే నింపలేదు. బర్గర్ దొరకలేదంటే ఒక పూట నిరాశ. ఉద్యోగం వస్తుందనుకుని రాలేదంటే అద్దె కట్టే లెక్కలు మారిపోతాయి, కొందరు చేతిలో ఉన్న చిన్న పనిని కూడా వదులుకుంటారు. నువ్వు అంత ఆలోచించి ఉండవు, నాకు తెలుసు. ఇప్పుడు మాత్రం ఆలోచించాలి.

ముందు ఫారం ఈ పూటే మూసెయ్. తర్వాత పేరు ఇచ్చిన ప్రతి ఒక్కరికీ విడివిడిగా రాయి. "ఇది నేను ఏప్రిల్ ఒకటికి చేసిన ప్రాంక్, ఉద్యోగాలు లేవు, మీ సమయం వృథా చేశాను, క్షమించండి, మీ వివరాలు తుడిచేస్తున్నాను", ఇంతే చాలు, నవ్వు బొమ్మలు పెట్టకు, సాకులు చెప్పకు. ఆ ఒకావిడకి వీలైతే ఫోన్ చెయ్యి. తిడుతుంది, తిట్టనీ. అందరికీ చెప్పాకే వివరాలన్నీ తుడిచెయ్, ఫారంలోవీ, నీ ల్యాప్‌టాప్‌లోకి, ఫోన్‌లోకి దిగినవీ. ఆ లిస్టు నవ్వుకోవడానికని ఏ ఫ్రెండ్‌కైనా పంపి ఉంటే వాళ్ల చేత కూడా తీయించు. పేజీని వెంటనే మాయం చేయకు, పైన పెద్ద అక్షరాలతో "ఇది నిజం కాదు" అని పెట్టి కొన్నాళ్లు ఉంచు. నీ పోస్టు స్క్రీన్‌షాట్లు ఎక్కడెక్కడ తిరుగుతున్నాయో నీకు తెలియదు, వెతుక్కుంటూ వచ్చినవాళ్లకి నిజం కనిపించాలి. ఫారంలో సోషల్ సెక్యూరిటీ నంబరో, బ్యాంకు వివరాలో అడిగి ఉంటే మాత్రం ఇంట్లో పెద్దవాళ్లకి చెప్పి, లాయర్‌తో మాట్లాడాకే ఏదైనా చెయ్యి.

కంపెనీ సంగతి కూడా చెప్పాలి. వాళ్లు పేరు విషయంలో చాలా గట్టిగా ఉంటారు. 2018లో లాస్ ఏంజెలెస్ ప్రాంతంలో ఒక యూట్యూబర్ సూటు వేసుకుని వాళ్ల షాపుల్లోకి వెళ్లి, తానే కొత్త సీఈఓనని చెప్పి, ఒక కస్టమర్ తింటున్న బర్గర్ బాగాలేదని లాక్కుని కిందేసి తొక్కాడు. కంపెనీ కోర్టుకి వెళ్లింది. నీది అంత పెద్ద వ్యవహారం కాదు, కానీ వాళ్ల లోగో పెట్టి జనం వివరాలు తీసుకున్నావు కాబట్టి, వాళ్ల నుంచి మెయిల్ ఏదైనా వస్తే దాచుకోకు, వాదించకు, జరిగింది జరిగినట్టు చెప్పు.

ఇలాంటిదే 2012లో అలాస్కాలో జరిగింది. బెథెల్ అని దాదాపు 6,000 మంది ఉండే ఊరు, బయటి ప్రపంచంతో రోడ్డు కూడా లేదు, విమానమో పడవో ఎక్కాల్సిందే. ఆ ఊళ్లో టాకోలు అమ్మే ఫాస్ట్‌ఫుడ్ చెయిన్ టాకో బెల్ తెరుస్తున్నారని ఎవరో కాగితాలు అంటించారు. ఊరంతా సంబరపడింది, తర్వాత అబద్ధమని తేలి అంతా ఉసూరుమన్నారు. ఈ సంగతి కంపెనీకి తెలిసి, జులై ఒకటిన ఒక ఫుడ్ ట్రక్కుని హెలికాప్టర్‌కి వేలాడదీసి ఆ ఊళ్లో దింపారు, 10,000 టాకోలకి సరిపడా సరుకుతో, అందరికీ ఉచితంగా. కంపెనీకి దాంతో మంచి ప్రకటన కూడా దొరికింది, అది వేరే సంగతి. కానీ ఆ ఊరివాళ్ల నిరాశని తీర్చింది కాగితాలు అంటించినవాళ్లు కాదు, వాళ్ల బదులు ఇంకొకరు వచ్చి తీర్చారు. నీ ఫారం నింపినవాళ్ల కోసం ఏ హెలికాప్టరూ రాదు, నువ్వే ఫోన్ చేయాలి.

ప్రశ్న: కంపెనీలే ఏప్రిల్ ఒకటికి జనాన్ని ఫూల్ చేస్తుంటాయి కదా, వాళ్లని ఎవరూ ఏమీ అనరేం?

జవాబు: అంటారు, కొన్నిసార్లు గట్టిగానే. మంచివీ ఉన్నాయి. 1998 ఏప్రిల్ ఒకటిన బర్గర్ కింగ్ యూఎస్ఏ టుడే పత్రికలో నిండు పేజీ ప్రకటన వేసి, ఎడమచేతి వాటం వాళ్ల కోసం ప్రత్యేకంగా వాపర్ అనే తమ బర్గర్‌ని తెచ్చామంది. సరుకు అదే, లోపలివన్నీ 180 డిగ్రీలు తిప్పి పెడతారట! గుండ్రటి బర్గర్‌ని తిప్పితే ఏం మారుతుంది? అయినా వేలమంది వెళ్లి అదే కావాలని అడిగారు. నచ్చిందేంటంటే, అడిగినవాళ్లకి మామూలు వాపర్ దొరికింది, ఎవరూ ఏమీ పోగొట్టుకోలేదు.

1996లో టాకో బెల్ ఇంకా పెద్దది చేసింది. ఫిలడెల్ఫియాలో ఉన్న, అమెరికా స్వాతంత్ర్యానికి గుర్తుగా చూసుకునే చారిత్రక గంట లిబర్టీ బెల్‌ని తామే కొన్నామని, ఇక దాని పేరు టాకో లిబర్టీ బెల్ అని పత్రికల్లో ప్రకటన వేసింది. వేలమంది మండిపడి ఫోన్లు చేశారు, దాన్ని చూసుకునే నేషనల్ పార్క్ సర్వీస్ సిబ్బంది ఆ రోజంతా జవాబు చెప్పుకోవాల్సి వచ్చింది. మధ్యాహ్నానికల్లా కంపెనీ ఒప్పుకుంది, ఆ గంట సంరక్షణకి 50,000 డాలర్లు ఇస్తామంది. వైట్ హౌస్ ప్రతినిధి మైక్ మెకరీ కూడా లింకన్ మెమోరియల్‌ని ఫోర్డ్ కంపెనీకి అమ్మేశామని, అది ఇక ఫోర్డ్ కార్ల బ్రాండ్ల పేర్లతో లింకన్ మెర్క్యురీ మెమోరియల్ అని నవ్వుతూ ఆ జోక్‌లో కలిశారు.

చెడ్డది చూడాలంటే 2021లో ఫోక్స్‌వ్యాగన్ చేసింది. విద్యుత్ కార్లకి గుర్తుగా అమెరికాలో తమ పేరు వోల్ట్స్‌వ్యాగన్‌గా మారుస్తున్నామన్నారు, సరే. ఇది జోకా అని విలేకరులు నేరుగా అడిగితే కాదు, నిజమే అన్నారు. తర్వాత జోకేనని ఒప్పుకోవాల్సి వచ్చి బాగా పరువు పోయింది. నేను గీసే గీత అక్కడే. ఎదుటి మనిషి కళ్లలోకి చూసి "నిజమా?" అని అడిగాక కూడా నిజమే అంటే అది ఇక ప్రాంక్ కాదు, అబద్ధం.

ప్రశ్న: ప్రాంక్ వల్ల ఎవరికైనా మంచి జరిగిందా? మా అబ్బాయి "జరిగింది" అని వాదిస్తున్నాడు కానీ ఒక్క ఉదాహరణ చెప్పలేకపోతున్నాడు.

జవాబు: అబ్బాయికి ఇది చెప్పండి. టెక్సాస్‌లో హ్యూస్టన్ పక్కన పేర్‌ల్యాండ్‌లో, ఇద్దరు కాలేజీ కుర్రాళ్లు ఒక మెక్‌డొనాల్డ్స్‌లో కూర్చుని గోడల మీది పోస్టర్లు చూశారు. రకరకాల మనుషులు ఉన్నారు, ఆసియా మనుషులు మాత్రం లేరు. ఇద్దరూ ఫిలిపినో మూలాలున్నవాళ్లు. తామిద్దరూ ఫ్రైస్ తింటూ నవ్వుతున్న ఫొటో తీసుకుని, అచ్చం కంపెనీ పోస్టర్‌లాగే అచ్చు వేయించి, పాత బట్టల షాపులో దొరికిన మెక్‌డొనాల్డ్స్ యూనిఫాం చొక్కాలు వేసుకుని వెళ్లి ఖాళీ గోడకి తగిలించి వచ్చారు. 51 రోజులు ఎవరూ కనిపెట్టలేదు. 2018 సెప్టెంబరులో వాళ్లే బయటపెట్టారు. కంపెనీ కోప్పడలేదు, ఇద్దరికీ చెరో 25,000 డాలర్లు ఇచ్చింది. ఎవరి సెలవూ పోలేదు, ఏ పిల్లా ఏడవలేదు, అడగాల్సిన మాట మాత్రం గోడెక్కింది. మీ అబ్బాయి వాదన సరైనదే.

ప్రశ్న: మేం శాకాహారులం. అయినా ఆ ఫొటో చూసి మా ఇంట్లో అందరూ సంబరపడ్డారు. అక్కడ మేం తినేదేమైనా ఉంటుందా అసలు?

జవాబు: ఉంటుంది. మెనూ బోర్డు మీద కనిపించదు కానీ గ్రిల్డ్ చీజ్ అని అడిగితే ప్యాటీ లేకుండా బన్నులో చీజ్, లెట్యూస్ ఆకు, టమాటా, వాళ్ల సాస్ పెట్టి ఇస్తారు. ఉల్లిపాయ వేయించిందా పచ్చిదా అని అడుగుతారు, వేయించింది అడగండి, బాగుంటుంది. ఫ్రైస్ సన్‌ఫ్లవర్ నూనెలో వేయిస్తారు. బన్ను, ఉల్లి వేడి చేసే పెనం మీదే మాంసం కూడా వండుతారేమో అన్న పట్టింపు ఉంటే మాత్రం కౌంటర్లో ముందే అడగండి. కోడి మాంసం బర్గర్ అక్కడ దొరకదు, బీఫ్ తినని మాంసాహారులు కూడా ఇదే అడగాలి.

ప్రశ్న: ఇలాంటి ఫొటో వస్తే నిజమో కాదో త్వరగా ఎలా తెలుసుకోవాలి?

జవాబు: కంపెనీ సొంత వెబ్‌సైట్‌లో షాపుల జాబితా ఉంటుంది, తెరవబోయేవి కూడా అందులోనే వేస్తారు, అది చాలు. ఇంకా అనుమానం ఉంటే న్యూయార్క్ నగర బిల్డింగ్స్ శాఖ వెబ్‌సైట్‌లో ఆ అడ్రస్ కొట్టండి. షాపు లోపల కట్టుబడి పనికి తీసుకున్న పర్మిట్లు ఎవరైనా చూడొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు. కొత్తగా రెస్టారెంట్ పెడుతూ ఒక్క పర్మిట్ కూడా లేకుండా ఉండటం కష్టం.

ఫొటోతో పాటు "ఫ్రీ బర్గర్ కూపన్ కోసం ఇక్కడ నొక్కండి" అని లింక్ ఉంటే అది ప్రాంక్ కూడా కాదు, మోసం అనుకోండి. నొక్కవద్దు, ముందుకి పంపవద్దు. నొక్కి కార్డు వివరాలు ఇచ్చేసి ఉంటే ముందు బ్యాంకుకి ఫోన్ చేయండి, తర్వాత అమెరికాలో ఉన్నవాళ్లు ఫెడరల్ ట్రేడ్ కమిషన్ వెబ్‌సైట్‌లో ఫిర్యాదు పెట్టండి.

ప్రశ్న: నాకు పదమూడేళ్లు. మా అమ్మకి ఇన్-ఎన్-అవుట్ అంటే చాలా ఇష్టం, పెళ్లికి ముందు కాలిఫోర్నియాలో చదువుకుంది. వచ్చే ఏడాది ఏప్రిల్ ఒకటికి మన వీధి చివర్లో తెరిచారని చెప్పి ఫూల్ చేద్దామనుకుంటున్నా. చేయొచ్చా?

జవాబు: చేయొచ్చు తల్లీ, అమ్మకి కూడా నవ్వొచ్చేలా చెయ్యి. ఆ రోజు ఇంట్లోనే బన్నులు, చీజ్, ఉల్లిపాయలు తెచ్చి పెట్టుకో, నాన్న సాయం తీసుకో. అమ్మ చెప్పులేసుకుని గుమ్మం దాటేలోపు "ఇక్కడే తెరిచాం" అని వంటింట్లోకి పిలువు. ఎరుపు, పసుపు కాగితంతో బోర్డు నువ్వే గీసి వంటింటి తలుపుకి అంటించు. ఫోన్‌లో వీడియో తీస్తే అమ్మని అడిగాకే ఎవరికైనా పంపు. ఇంకొక్కటి, అమ్మ ఆఫీసులో ఉన్నప్పుడో కారు నడుపుతున్నప్పుడో ఫోన్ చేసి మాత్రం చెప్పకు.